కింద మందం బొంత, ఆ తర్వాతే మీద చెద్దరు

కార్తీక పున్నమి దాటిందంటే మా ఆదిలాబాద్ వైపు ఇళ్ళల్లో అటక మీది ట్రంకు పెట్టెలు కిందికి దిగేవి. పెన్‌గంగ ఒడ్డున బేల, జైనథ్, భీంపూర్ మొదలుకొని ఇటు ఉట్నూరు, నార్నూరు, సిర్పూర్(యు), తిర్యాణి దాకా చలి ఒక్క తీరుగా ఉండదు. పెద్దవాళ్ళకు పడక వేసే పద్ధతి మాత్రం దాదాపు అంతటా ఒకటే. నులక మంచం మీద ముందు గోనెపట్టా, దాని మీద మందం బొంత, దాని మీద ఉతికిన పాత పంచె. కప్పుకొనేవి ఆ తర్వాతి సంగతి. "కింద మందంగ ఎయ్యి బిడ్డా, మీద పల్చగున్నా ఏం గాదు" అనే అవ్వ ప్రతి ఇంట్లో ఒకామె ఉండేది. ఇప్పుడు అవే ఇళ్ళల్లో మీద కప్పేది నాలుగైదు కిలోల రగ్గు, కింద పరిచేది పల్చటి బెడ్‌షీటు. పెద్దవాళ్ళు రాత్రంతా ముడుచుకుని పడుకుంటున్నారంటే ముందు చూడాల్సింది ఆ బెడ్‌షీటు కిందే.

మనకు వెచ్చదనం ఇచ్చేది బట్టలో చిక్కుకుని కదలకుండా ఉండే గాలి. మీది రగ్గులో ఆ గాలి ఉన్నచోటే ఉంటుంది. ఒంటి కింద పరిచింది మాత్రం బరువుకు అణిగిపోయి, అందులోని గాలి బయటికి పోతుంది. అణిగాక కూడా ఎంతో కొంత మందం మిగలాలంటే మొదటే రెట్టింపు పరవాలి. పైగా నులక మంచానికి అడుగంతా సందులే. తలుపు కింది నుంచి దూరిన గాలి మంచం కిందికి చేరి నేరుగా వీపుకు తగులుతుంది. గోనెపట్టా ముందు వేసేది అందుకే. జనపనార ముతక నేత పూర్తిగా అణగదు, గాలిని ఆపుతుంది, చెమటను పోనిస్తుంది. ఇప్పటి ప్లాస్టిక్ బస్తాలు ఈ పనికి రావు. అవి గాలితో పాటు చెమటను కూడా ఆపేసి, తెల్లవారేసరికి బొంత అడుగును చెమ్మ చేస్తాయి. చెమ్మ పట్టిన నూలు వెచ్చదనం ఇవ్వకపోగా ఒంట్లోదే లాగేస్తుంది.

నేల పడకైతే ఇంకా జాగ్రత్త కావాలి. పేడతో అలికిన మట్టి నేల అంత చల్లగా తగిలేది కాదు. టైల్సు, బండల నేలలు ఒంటి వేడిని గబగబా లాగేసుకుంటాయి. కేస్లాపూర్ నాగోబా జాతర వచ్చేది పుష్య అమావాస్యకు. గోండుల్లో మెస్రం వంశం వాళ్ళు ముసలి ముతకతో సహా మర్రిచెట్ల కింద బస చేసేది ఆ చలిలోనే. నేల మీద పడుకునేవాళ్ళకు మీది గుడ్డ కన్నా కిందిదే ముఖ్యమని అలాంటి చోట ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. టైల్సు ఇంట్లో అయితే ముందు చాప, దాని మీద రెండు గోనెలు, ఆపైన బొంత. చాప మాట మరచిపోతే గోనె అడుగున తేమ పట్టి వారం తిరగకుండా ముక్కిన వాసన వేస్తుంది.

చలి ఎటు నుంచి వస్తోందో తెలుసుకోవడం తేలిక. నడిరాత్రి లేచినప్పుడు పెద్దవాళ్ళ వీపు కిందికి చెయ్యి పోనిచ్చి చూడండి. కప్పుకున్నది వెచ్చగా ఉండి, కింది పక్క చల్లగా తగిలితే ఇంకో రగ్గు కొని లాభం లేదు, ఇంకో బొంత పరవాలి. చెయ్యి తడి తడిగా వస్తే ఎక్కువ కప్పారని అర్థం.

వయసు మీద పడితే చలి ఎందుకు ఎక్కువవుతుందంటే, ఒంట్లో వేడి పుట్టించే ముఖ్యమైన వాటిలో కండ ఒకటి. అది ఏటేటా తగ్గుతుంది. చర్మం కింది కొవ్వు పొర పల్చబడుతుంది. చలి తగలగానే చర్మంలోని రక్తనాళాలు బిగుసుకుని వేడిని లోపల ఆపుకోవాలి, ఆ పని మందగిస్తుంది. వణుకు కూడా బలంగా రాదు. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఏమిటంటే, కొందరికి చలి వేస్తున్న సంగతే ఆలస్యంగా తెలుస్తుంది. "నాకేం సలి లేదు" అంటూ తాత ఒట్టి బనియన్‌తో కూర్చున్నాడంటే ఆ మాటను నమ్మకుండా కడుపు మీద చెయ్యి పెట్టి చూడాలి. చేతులు, కాళ్ళు చల్లగా ఉండడం మామూలే. కడుపు, వీపు కూడా చల్లబడ్డాయంటే అది మామూలు కాదు. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ మందగించినా ఇంట్లో అందరికన్నా ఎక్కువ చలి వేస్తుంది. స్వెటర్ మీద స్వెటర్ వేసుకున్నా తగ్గని చలికి ఒకసారి రక్తపరీక్ష చేయించడం మంచిది.

ఇక బొంత సంగతి. మా వైపు బొంతలు కుట్టింది చలికాలంలో కాదు, ఉగాది దాటాక ఎండాకాలం మధ్యాహ్నాల్లో. చలి రోజుల్లో ఆడవాళ్ళ చేతులు పత్తి ఏరడంలో ఉండేవి. పైగా ఎండాకాలంలో కుట్టిన బొంత పొరపొరా ఎండుతుంది. ముడిసరుకు పాత నేత చీరలు. గోచి పెట్టి కట్టే తొమ్మిది గజాల చీర బొంతకు కొలిచి పెట్టినట్టుగా సరిపోతుంది. ఇరవై ఏడు అడుగుల పొడవును నాలుగు మడతలు వేస్తే ఆరున్నర అడుగులకు కాస్త పైగా వస్తుంది, వెడల్పు నాలుగు అడుగులకు కొంచెం అటూ ఇటూ. ఒక మనిషి పడకకు అదే లెక్క. అంటే ఒక్క చీరకు నాలుగు పొరలు. కింద పరిచే బొంతకు ఇలాంటి మూడు చీరలు, పన్నెండు పొరలు కావాలి. మీద కప్పుకొనేదానికి ఐదారు పొరలు చాలు, అంతకు మించితే ముసలి మోకాళ్ళకు బరువు. ఆరు గజాల చీరలైతే ఒక్కోటి మూడు మడతలే వస్తుంది, కాబట్టి కింది బొంతకు నాలుగు కావాలి.

చీరలు ఎంచుకోవడంలోనే సగం పని ఉంటుంది. గట్టిగా ఉన్న చీర పైకి, కిందికి. చిరుగులు పడ్డవి మధ్యలోకి. జరీ అంచులు, కుచ్చుల దగ్గర కుట్టిన ఫాల్, ముడిపడ్డ కొంగులు ముందే కత్తిరించి పారెయ్యాలి. వాటిలో సూది దిగదు, పడుకున్నాక పక్కలో గుచ్చుకుంటాయి. గంజి పెట్టిన చీరల్ని రెండుసార్లు ఉతికి గంజి పూర్తిగా వదిలించాలి. లేకపోతే పెట్టెలో ఎలుకలు, పురుగులు ముందు దాని వాసనే పడతాయి. నైలాన్, పాలిస్టర్ చీరల్ని మధ్యలో పెట్టడం ఇప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు. అవి జారుడు గుడ్డలు. నాలుగు ఉతుకులకే లోపలి పొర ఒక మూలకు చేరి గడ్డ కడుతుంది, పైగా చెమట పీల్చదు. పైపొరకు కొత్త గుడ్డ కొంటే దాన్ని కూడా ముందు రెండుసార్లు ఉతకాలి. పాత చీరలు ఇక ముడుచుకోవు, కొత్తది ముడుచుకుంటుంది. మొదటి ఉతుకు తర్వాత బొంత అంతా ముడతలు పడేది అందుకే.

వాకిట్లో చాప పరిచి, అడుగు చీరను తిరగేసి వేసి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి బిగించేవాళ్ళు. ఒక్కో పొర వేసినప్పుడల్లా నీళ్ళు చిలకరించి అరచేత్తో మధ్య నుంచి అంచులకు నిమిరితే పొరలు అంటుకుని కూర్చుంటాయి. చివరి పొర పడ్డాక పొడుగు పొడుగు తాత్కాలిక కుట్లు వెయ్యాలి. ఇవి తప్పకుండా మధ్య నుంచి మొదలై నాలుగు దిక్కులకూ పోవాలి. అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకు వస్తే వదులుగా ఉన్న గుడ్డంతా నడుమకు చేరి బుడగలా లేస్తుంది, అది ఇక ఏం చేసినా సర్దుకోదు. తర్వాత అసలు కుట్టు. పొడవాటి బొంతసూది, మూర కన్నా కొంచెం ఎక్కువ పొడవున్న రెండు పోగుల నూలు దారం, దారానికి కాస్త మైనం. బారెడు దారం తీసుకుంటే పని తొందరగా అవుతుందని అనిపిస్తుంది గానీ గుడ్డలోంచి అన్నిసార్లు లాగేసరికి పీచులు లేచి తెగుతుంది. కుట్టు పావు అంగుళం, వరుసకూ వరుసకూ నడుమ రెండు వేళ్ళ ఎడం. ఇంతకన్నా ఎడం పెడితే పొరలు జారుతాయి, దగ్గర చేస్తే బొంత అట్టలా బిగుసుకుపోయి గాలి నిలవదు. కుట్టు లాగినప్పుడు గుడ్డ ముడుచుకోకూడదు, వదులుగా కూర్చోవాలి. పాలిస్టర్ దారం గట్టిదని వాడతారు. అది అంత గట్టిది కాబట్టే కొన్నాళ్ళకు పాత నూలు గుడ్డను కోసేస్తుంది.

అరిగేది ఎప్పుడూ అంచే, అందులోనూ కాళ్ళ వైపు అంచు. కుట్టు అయ్యాక మూడు అంగుళాల పట్టీని మడిచి చుట్టూ వేసి, దాన్ని మాత్రం విడిగా, తేలిగ్గా ఊడదీసేలా కుట్టేవాళ్ళు. రెండేళ్ళకోసారి పట్టీ మారిస్తే బొంత పదేళ్ళు నిలుస్తుంది. గలీబు కూడా ఇలాంటి ఉపాయమే. బొంతను ఉతకడం చాలా కష్టం. నీళ్ళు తాగిన బొంతను ఒక్కరు ఎత్తలేరు, ఒక ఎండలో ఆరదు. అందుకని మీద గలీబు తొడిగి, దాన్నే పదిహేను రోజులకోసారి ఉతికి, బొంతను ఎండలో వేస్తే సరిపోయేది. బొంతను ఉతకక తప్పకపోతే మాఘం దాటాకే. చలికాలం మధ్యలో ఉతికితే లోపలి పొర ఆరకుండానే పైపొర ఆరినట్టు కనిపించి మోసం చేస్తుంది.

గొంగడి కప్పుకోనివాళ్ళకు అదొక ముతక గుడ్డ. కప్పుకున్నవాళ్ళు దాన్ని వదలరు. దక్కని గొర్రెల ఉన్నిని ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, చేత్తో వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, కురుమలు గుంటమగ్గం మీద నేసేవాళ్ళు. ఆ గంజి వల్లే కొత్త గొంగడి రేకులా నిలబడుతుంది, గరగరలాడుతుంది. వాడుతూ ఉంటే మెత్తబడుతుంది. ఉన్నికి ఒక గొప్ప గుణం ఉంది. తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడిగా తగలదు, వెచ్చదనం పోదు. తెల్లవారుజామున మంచులో పొలం కాపలాకు వెళ్ళే తాతలు గొంగడి ముసుగేసుకునేది అందుకే. ఆ మంచు అరగంటలో దూది నింపిన రజాయిని చెమ్మ చేసేస్తుంది, గొంగడి మీద నుంచి చాలావరకు దులుపుకుంటే రాలిపోతుంది.

అయితే గొంగడిని ఒంటికి నేరుగా కప్పకూడదు. ముసలి చర్మం పల్చబడి, పొడిబారి ఉంటుంది. ముతక ఉన్ని రాసుకుంటే దురద పుడుతుంది, గోకితే పుండవుతుంది. లోపల మెత్తటి పాత నూలు దుప్పటి, దాని మీద గొంగడి. గొంగడిని వేడినీళ్ళలో నానబెట్టినా, సర్ఫ్ వేసి బాదినా ముద్దగా ముడుచుకుపోయి ఇక సాగదు. దాన్ని ఎండలో వేసి కట్టెతో దులపడమే ఉతకడం. మరక పడితే ఆ మేరకు చల్లనీళ్ళతో ఒత్తి తుడవాలి, పిండకూడదు. ఇప్పుడు అసలు గొంగడి దొరకడం కష్టం. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు వచ్చాక దక్కని మందలు తగ్గాయి, వాటితో పాటే వడికే చేతులూ తగ్గాయి. సంతలో గొంగడి పేరుతో అమ్మేవాటిలో యాక్రిలిక్ కలిసినవి ఉంటాయి. అనుమానం ఉంటే అంచు నుంచి ఒక పోగు లాగి మంటకు చూపండి. ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే బూడిదగా రాలుతుంది. కలిపిన దారం కరిగి గట్టి ఉండ కడుతుంది.

పత్తి పండే నేల కాబట్టి రజాయి మాకు దూరం కాదు. మూడు కిలోల పత్తికి గింజ తీస్తే సుమారు కిలో దూది. ఒంటి మనిషి రజాయికి రెండు, రెండున్నర కిలోల దూది పడుతుంది. దేశీ పత్తి దూది పొట్టి పోగుది, ముతకది. మిల్లులకు నచ్చకపోయినా దూది ఏకేవాళ్ళు దాన్నే మెచ్చేవాళ్ళు, నొక్కితే మళ్ళీ పైకి లేస్తుందని. బీటీ పత్తి విత్తనానికి దేశంలో అనుమతి వచ్చింది 2002లో. ఆ తర్వాత ఇళ్ళల్లోకి వచ్చే దూది చాలావరకు పొడుగు పోగు హైబ్రిడ్‌దే, అది తొందరగా అట్టకడుతుంది. అందుకే ఇప్పటి రజాయిలను రెండు మూడేళ్ళకోసారి విప్పి మళ్ళీ ఏకించాలి. వింటితో ఏకే దూదేకులవాళ్ళు ఇప్పుడు అరుదు. మిషన్ మీద ఏకిస్తే దూది పొడిపొడిగా తెగిపోకుండా చూసుకోవాలి. రజాయి కుట్లు జానెడు కన్నా ఎడంగా ఉంటే దూది అడుగుకు జారి, మెడ దగ్గర ఖాళీ గుడ్డ మిగులుతుంది. కొనేటప్పుడు దాన్ని రెండు మూలలు పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే పల్చటి చోట్లన్నీ కనబడతాయి.

రజాయి అసలు బలం ఎండలో ఉంది. పొద్దున పది నుంచి మూడు దాకా, మధ్యలో ఒకసారి తిరగేస్తూ ఎండబెట్టాలి. నాలుగు కాకముందే లోపలికి తేవాలి. పొద్దు వాలేదాకా వదిలేస్తే ఎండకు పోయిన తేమంతా మంచుకు తిరిగి వచ్చేస్తుంది. ఇంతా చేసి రాత్రికి చల్లటి రజాయి కప్పుకున్నట్టవుతుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఎండ రెండు గంటలే పడితే రోజు విడిచి రోజు వేస్తే నయం.

సోలాపూర్ చెద్దరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ప్రతి ఇంట్లో ఉన్నదే. అక్కడి మగ్గాల మీద కూర్చున్నవాళ్ళలో తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీలు చాలామంది. గట్టి నూలు, ఎన్ని ఉతుకులైనా తట్టుకుంటుంది. ఒంటరిగా డిసెంబరు చలిని ఆపలేదు. గొంగడికి, ఒంటికి నడుమ పొరగా మాత్రం దాన్ని మించింది లేదు.

మెత్తటి మింక్ రగ్గుల్ని తీసిపారెయ్యడం కూడా న్యాయం కాదు. మంచం పట్టినవాళ్ళు, రాత్రి పక్క తడిపేవాళ్ళు ఉన్న ఇంట్లో పల్చటి పాలిస్టర్ ఫ్లీసు దుప్పటి ఎంతో సుఖం. పొద్దున ఉతికితే సాయంత్రానికి ఆరుతుంది. బొంతతో ఆ పని కాదు. చిక్కు బరువుతోనే. రెండు పొరల పెద్ద రగ్గు కింద బలహీనంగా ఉన్న మనిషి పక్కకు తిరగలేడు, కాలు కదపలేడు, దాన్ని తీసి లేవలేక రాత్రిళ్ళు ఉచ్చకు ఆపుకుంటాడు. ఒక్క మందం రగ్గు కన్నా రెండు పల్చటివి మేలు. నడుమ గాలి పొర అదనంగా దొరుకుతుంది, ఉక్క పోస్తే ఒకటి తోసెయ్యొచ్చు. ఇంకో మాట. పాలిస్టర్‌కు నిప్పురవ్వ తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఆ రగ్గు కప్పుకుని చలిమంట దగ్గర కూర్చోనివ్వకండి. మంట దగ్గరికి గొంగడే సరైన గుడ్డ, ఉన్ని అంత తొందరగా అంటుకోదు.

మంటలో కూడా పద్ధతి ఉండేది. రాజెయ్యడానికి పత్తికట్టె, కందికట్టె. భగ్గున లేచి పది నిమిషాల్లో అయిపోతాయి. నిలబడడానికి తుమ్మ మొద్దు. రాత్రంతా నిప్పు దాచడానికి పిడకలు, మీద బూడిద. నీళ్ళ కాగు కింది నిప్పుల్నే పార మీద ఎత్తి కుంపట్లో వేసి అవ్వ మంచం పక్కన పెట్టేవాళ్ళు. గూనపెంకుల ఇంట్లో అది నడిచింది. పెంకుల సందుల్లోంచి, చూరు కింద నుంచి గాలి ఆడేది కాబట్టి. స్లాబు ఇంట్లో, కిటికీకి అద్దాలు బిగించిన గదిలో అదే కుంపటి మనిషిని చంపుతుంది. పొగ లేదు కదా అని చాలామంది ధైర్యపడతారు. పొగ లేకుండా ఎర్రగా కణకణలాడే బొగ్గే కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరగడం, వాంతి, మత్తుగా నిద్ర ముంచుకు రావడం దాని గుర్తులు. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి అంటే ఆలోచించకుండా తలుపులు తీసి అందర్నీ బయటి గాలిలోకి తెచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కుంపటి కావాలంటే పడుకునేముందు గది వెచ్చబెట్టడానికి పెట్టుకోండి, తలుపో కిటికీయో జానెడు తీసి ఉంచి. నిద్రకు ముందు కుంపటి బయటికి పోవాలి. నివురు కప్పి మూల పెట్టడం ఆర్పడం కాదు.

రోజూ గంటల తరబడి పిక్కల్ని మంటకు చూపే ముసలివాళ్ళకు కాళ్ళ మీద వల ఆకారంలో గోధుమరంగు మచ్చలు వస్తాయి. అవి మట్టి మరకలు కావు, రుద్దితే పోవు. చర్మం మెల్లగా ఉడుకుతోందని అర్థం. మంటకు రెండడుగులు వెనక్కి జరగమనాలి. మంటకు ముందువైపే కాలి, వీపు చల్లగా ఉంటుంది కాబట్టి వీపుకు గొంగడి, ముందుకు మంట. పొద్దున ఎండ కాగేటప్పుడు మాత్రం వీపు ఎండకు పెట్టి కూర్చోవడం సుఖం.

పాదాలకు వేరే లెక్క. పడుకునేముందు గోరువెచ్చని నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు కూడా పొడిగా తుడిచి, మడమలకు నువ్వులనూనె గానీ కొబ్బరినూనె గానీ రాసి, వదులు నూలు మేజోళ్ళు తొడగాలి. వేళ్ళ సందుల్లో నూనె రాయకూడదు, అక్కడ చెమ్మ నిలిచి పాసిపోతుంది. ఇలాస్టిక్ బిగుతుగా ఉంటే పిక్క దగ్గర గీత పడి రక్తం సరిగ్గా ఆడదు, పాదం ఇంకా చల్లబడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళలో చాలామందికి పాదాలకు వేడి సరిగ్గా తెలియదు. ఇటుక కాపడం, ఉప్పు మూట, హాట్ వాటర్ బ్యాగ్, ఏదైనా సరే, వాళ్ళ కాళ్ళకు ఆనించకూడదు. బొబ్బ లేచేదాకా వాళ్ళకు తెలియదు. బ్యాగుతో పడక వెచ్చబెట్టి, వాళ్ళు పడుకునేముందు తీసెయ్యాలి. మిగతావాళ్ళకైనా మరిగే నీళ్ళు పొయ్యకూడదు. మూడింట రెండు వంతులు నింపి, లోపలి గాలి నొక్కి తీసి, మూత బిగించి, తువ్వాల చుట్టి వాడాలి. మెడ దగ్గర రబ్బరు పగుళ్ళు కనిపిస్తే ఇక దాన్ని పారెయ్యడమే.

తలకు రుమాలు చుట్టుకుని చెవులు మూసుకుంటే చాలు. చలికాలం రాగానే బస్టాండ్ల దగ్గర వెలిసే స్వెటర్ల దుకాణాల్లో మంకీ క్యాపులు దొరుకుతాయి, అవీ మంచివే. ముసుగు తన్ని ముక్కు కూడా లోపలే పెట్టుకుంటే మాత్రం ఊపిరి ఆవిరికి రగ్గు తడుస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆయాసం పెరుగుతుంది.

చలికి ఉచ్చ ఎక్కువసార్లు వస్తుంది. అది జబ్బు కాదు, చర్మం నుంచి రక్తం లోపలికి చేరడంతో మూత్రపిండాలు ఎక్కువ పని చేస్తాయి. వెచ్చటి పక్కలోంచి ఒక్కసారిగా లేచి చల్లటి టైల్సు మీద నిలబడితే తల తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. శాలువా, చెప్పులు, టార్చి చేతికందే దూరంలో ఉండాలి. లేచాక మంచం అంచున నిమిషమో రెండు నిమిషాలో కూర్చుని, శాలువా కప్పుకుని, అప్పుడు నిలబడాలి. రాత్రి లేవాల్సి వస్తుందని పగలంతా నీళ్ళు మానేస్తారు చాలామంది అవ్వలు. నీళ్ళు పగలే తాగించి, సాయంత్రం ఆరు తర్వాత తగ్గిస్తే ఈ గొడవ ఉండదు. చలికి బీపీ కూడా పెరుగుతుంది, గుండెపోట్లు చలికాలంలో ఎక్కువ. చీకటితో లేచి చన్నీళ్ళ స్నానాలు, మంచులో నడకలు ఇరవై ఏళ్ళప్పటి పట్టుదలలు. పొద్దెక్కాక పదింటికి స్నానం, ఒళ్ళు తుడుచుకున్నాకే బయటికి రావడం మేలు.

తిండి సంగతి క్లుప్తంగా. వేడి జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, నువ్వుల ఉండలు, ఉట్నూరు వైపు ఇప్పపువ్వు లడ్డూలు. రాత్రి ఖాళీ కడుపుతో పడుకున్న ముసలి ఒంటికి ఎన్ని బొంతలు వేసినా వేడి పుట్టదు, పుట్టించడానికి లోపల సరుకుండాలి. ఇప్పసారా ఒక గుక్క వేస్తే వెచ్చబడుతుందనేది తాతల నమ్మకం. వెచ్చబడేది చర్మం మాత్రమే. రక్తం బయటికి వచ్చి, ఒంట్లోని వేడి అంతా గాలికి పోతుంది. తాగి వాకిట్లో మంచం మీద నిద్రపోయిన మనిషికి అన్నిటికన్నా ప్రమాదం.

వణికే మనిషి గురించి ఒక రకంగా దిగులు అక్కర్లేదు, ఒళ్ళు ఇంకా పోరాడుతోంది. చల్లబడ్డ మనిషికి వణుకు ఆగిపోయి, మాట ముద్దగా వచ్చి, పొంతన లేకుండా మాట్లాడుతూ, లేపితే లేవకుండా ఉంటే అది నిద్రమత్తు కాదు. ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా కిందికి దిగిందంటే ప్రాణాపాయమే. తడి బట్టలు తీసేసి, ఛాతీ, కడుపు, వీపు ముందు కప్పాలి. చేతులు, కాళ్ళు రుద్దకూడదు, మంట దగ్గరికి ఈడ్చుకెళ్ళకూడదు. తెలివిలో ఉంటేనే వెచ్చటి పాలు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మా వైపు రాత్రిళ్ళు ఆ తర్వాత కూడా ఒక వారం పది రోజులు చల్లగానే ఉంటాయి, కాబట్టి పెద్దవాళ్ళ బొంత తియ్యడానికి తొందరపడక్కర్లేదు. దాచేటప్పుడు రెండు పూర్తి ఎండల్లో వేసి, నీడలో చల్లార్చాకే మడత పెట్టాలి. వేడి వేడిగా పెట్టెలో పెడితే లోపల చెమ్మ పడుతుంది. గొంగడిని దులిపి, ఎండిన వేపాకు పాత గుడ్డలో మూటగట్టి మడతల నడుమ పెట్టాలి. పచ్చి ఆకు పెడితే మరక పడుతుంది. రేకు ట్రంకుకు అడుగున పాత పేపర్లు పరిచి, మూత సందు చూసుకోవాలి, వేలు దూరే సందులో చుంచెలుక దూరుతుంది. ప్లాస్టిక్ సంచిలో మాత్రం కట్టిపెట్టొద్దు. వానాకాలం మధ్యలో ఎండ కాసిన రోజు చూసుకుని పెట్టె ఒకసారి తెరిచి అన్నీ బయట వెయ్యాలి. చిమటలు తినేది ఆ నెలల్లోనే, ముందుగా గొంగడి మడతల్లోనే.